కొక్కేలు రెండు... తాళాలు పది

జిప్పు లాగి తెరిస్తే నల్లటి రెక్సిన్ సంచిలో వరసగా రెండు డజన్ల ఉక్కు కడ్డీలు. ఒకదాని కొస కొక్కెంలా వంగి ఉంటుంది. ఇంకొకదానిది అలలు అలలుగా మెలికలు తిరిగి ఉంటుంది. కొన్నిటి కొసన గుండ్రటి బొడిపె, కొన్నిటికి త్రికోణం. పక్కనే, లోపలి భాగాలన్నీ బయటికి కనిపించే ప్లాస్టిక్ తాళం కప్ప. తాళం చెవి లేకుండా తాళం తీసే సరదాలోకి కొత్తగా దిగేవాళ్లలో చాలామంది మొదట కొనేది ఇలాంటి సెట్టునే. ముక్కలు ఎన్ని ఎక్కువుంటే సెట్టు అంత మంచిదనిపిస్తుంది, ధర కూడా ఊరిస్తుంది. కానీ ఈ విద్యలో చేయి తిరిగినవాళ్ల ముందు ఆ సంచి పెట్టి ఇందులో ఏవి వాడతారని అడిగితే, రెండో మూడో బయటికి తీసి మిగతావన్నీ పక్కకు నెట్టేస్తారు.

ఆ రెండు మూడూ ఏవి, అవే ఎందుకు అన్నదే మొదటి సెట్టు కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి. డబ్బు పెట్టాల్సింది పనిముట్ల మీద కాదు, తాళాల మీద. పనిముట్లలోనైనా అందరి చూపూ పడే కొక్కేల కంటే, ఎవరూ పట్టించుకోని వంపు రేకు ముఖ్యం.

తాళం చెవి లేకుండా తాళం తీసే ఈ సరదాకు లాక్‌స్పోర్ట్ అని పేరు. 1997లో జర్మనీలోని హాంబర్గ్‌లో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘానికి చెందిన స్టెఫెన్ వెర్నెరీ తాళాల క్రీడాభిమానుల సంఘం ఒకటి పెట్టారు. కాస్త తర్వాత నెదర్లాండ్స్‌లో ‘టూల్’ అనే సంఘం మొదలైంది, అమెరికాకూ పాకింది. లాస్ వేగాస్‌లో ఏటా జరిగే డెఫ్‌కాన్ హ్యాకర్ల సమావేశంలో తాళాల కోసమే ఒక విభాగం ఉంటుంది. కంప్యూటర్ భద్రతలో పనిచేసే ఇంజినీర్లు అక్కడ బల్లల చుట్టూ చేరి గంటల తరబడి తాళం కప్పలతో కుస్తీ పడతారు. అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో యువ శాస్త్రవేత్తగా ఉన్న రిచర్డ్ ఫైన్‌మన్ కూడా ఖాళీ దొరికితే తాళాల మీదా, బీరువాల మీదా పడేవాడు. 1985లో వచ్చిన తన పుస్తకంలో ఆ ముచ్చట్లకు ఒక అధ్యాయమే కేటాయించాడు.

ఇది దొంగ విద్య కదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. కానీ మన పత్రికల్లో వచ్చే చోరీ వార్తలు చూస్తే, దుండగులు తాళం పగలగొట్టడమో గడియ కోయడమో చేసి ఉంటారు. చీకట్లో తలుపు ముందు కూర్చుని ఒక్కో పిన్నునూ మీటుతూ గంట గడిపే ఓపిక దొంగకు ఉండదు. ఆ ఓపిక ఉన్నది చిక్కుముడి విప్పడంలో ఆనందం ఉన్నవాళ్లకే.

తాళం లోపల జరిగేది

పరికరం ఎంచుకోవాలంటే అది దేనితో మాట్లాడుతుందో ముందు తెలియాలి. ఇప్పుడు ప్రపంచంలో తలుపులకు పెట్టే తాళాలు చాలావాటికి మూలం అమెరికన్ లైనస్ యేల్ జూనియర్ 1861లోనూ, 1865లోనూ పేటెంట్లు పొందిన పిన్ టంబ్లర్ తాళం. పిన్నులతో తలుపు బిగించే ఆలోచన మాత్రం చాలా పాతది. ప్రాచీన ఈజిప్టువాళ్ల కొయ్య తాళాల్లోనే ఉంది.

బయట ఇత్తడి గుల్ల. దాని లోపల తిరిగే ఇత్తడి ప్లగ్. తాళం చెవి దూర్చేది ఈ ప్లగ్‌లోకే. గుల్లనుంచి ప్లగ్‌లోకి నాలుగో, అయిదో, ఆరో నిలువు రంధ్రాలు ఉంటాయి. ఒక్కో రంధ్రంలో ఒకదాని మీద ఒకటిగా రెండు పిన్నులు, వాటిని కిందికి తోస్తూ చిన్న స్ప్రింగు. తాళం చెవి లేనప్పుడు పై పిన్ను సగం గుల్లలో, సగం ప్లగ్‌లో అడ్డంగా నిలబడుతుంది కాబట్టి ప్లగ్ తిరగదు. సరైన తాళం చెవి పెడితే దాని పళ్లు ప్రతి పిన్నునూ కావలసినంత ఎత్తుకే లేపుతాయి. పై పిన్నులన్నీ గుల్లలోకి, కింది పిన్నులన్నీ ప్లగ్‌లోకి సర్దుకుంటాయి. అడ్డం తొలగిపోతుంది.

కాగితం మీద ఇందులో లోపమేమీ కనిపించదు. లోపం కార్ఖానాలో వస్తుంది. ఆ రంధ్రాలను ఎంత జాగ్రత్తగా తొలిచినా అన్నీ ఒకే గీత మీద అచ్చంగా ఉండవు. మిల్లీమీటరులో ఏ పదో వంతో, అంతకంటే తక్కువో తేడా ఉండి తీరుతుంది. ప్లగ్‌ను కొద్దిగా తిప్పే ప్రయత్నం చేస్తే పిన్నులన్నీ ఒకేసారి నొక్కుకోవు. అన్నిటికంటే పక్కకు ఉన్న ఒక్క పిన్ను ముందు ఇరుక్కుంటుంది. కొక్కెంతో ఒక్కోదాన్నీ తట్టి చూస్తే మిగతావి స్ప్రింగు మీద మెత్తగా ఊగుతాయి. ఆ ఒక్కటి మాత్రం బిర్రుగా ఉంటుంది. దాన్ని నెమ్మదిగా పైకి లేపుతుంటే ఒక చోట సన్నగా ‘టక్’మంటుంది. చెవి కంటే వేలికి ముందు తెలుస్తుంది. ప్లగ్ వెంట్రుకవాసి తిరుగుతుంది, ఆ తిరిగిన అంచు మీద పై పిన్ను కూర్చుండిపోతుంది. ఇప్పుడు ఇంకో పిన్ను ఇరుక్కుంటుంది. దాన్ని వెతకాలి. మొదట మూడోది, తర్వాత ఒకటోది, ఆ తర్వాత నాలుగోది... ఏ తాళం వరస దానిదే. చివరి పిన్ను కూర్చోగానే ప్లగ్ ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. మొదటిసారి ఇది చేతిలో జరిగినప్పుడు పెద్దవాళ్లు కూడా కుర్చీలోంచి లేచి నిలబడతారు.

అసలు పని రెండో చేతిది

పైన చెప్పిందంతా కొక్కెం పట్టిన చేతి పనిలా అనిపిస్తుంది. కానీ ప్లగ్‌ను కొద్దిగా తిప్పి పట్టుకున్న చేయి ఇంకొకటి ఉంది. అది పట్టుకునేది టెన్షన్ రెంచ్. చూడ్డానికి ఎల్ ఆకారంలో వంచిన సన్నటి ఉక్కు రేకు, అంతే. చవక సెట్లలో రెండు డజన్ల కొక్కేలతో పాటు ఇవి రెండే ఇస్తారు, అవీ మెత్తటి రేకువి. కొత్తవాళ్లు తాళం తీయలేక వదిలేయడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది.

ఎంత ఒత్తిడి పెట్టాలన్నది మాటల్లో చెప్పడం కష్టమే అయినా, నాడి చూసే వైద్యుడి వేళ్లు దీనికి దగ్గరగా ఉంటాయి. గట్టిగా నొక్కితే నాడి అందదు. అలాగే రెంచ్‌ను బలంగా తోస్తే పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకుపోయి, ఏది ముందు ఇరుక్కుందో తెలియదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది అవసరానికి మించి బలం పెడతారు.

రెంచ్ పెట్టే చోటు రెండు రకాలు. తాళం చెవి దూరే సందు అడుగున పెట్టడం పాత పద్ధతి. అలా పెడితే రెంచే సగం దారి మూసేసి కొక్కెం ఆడడానికి చోటు మిగలదు. సందు పైభాగాన, మొదటి పిన్నుకు ముందున్న కాస్త జాగాలో పొట్టి మందపు రేకును బిగించి పెట్టడం రెండోది. దీంతో కిందంతా ఖాళీగా ఉంటుంది, పైగా ప్లగ్ కదలిక వేలికి స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఆ రేకు సందులో కదలకుండా సరిపోవాలి. ఒక్కో తాళం సందు ఒక్కో వెడల్పు కాబట్టి వేర్వేరు మందాల్లో నాలుగైదు రెంచ్‌లు కావాలి. మొదటి సెట్టులో ఎక్కువ సంఖ్యలో ఉండాల్సింది ఇవే. డబ్బు తక్కువైతే కొక్కేలు తగ్గించుకోవచ్చు గానీ వీటిని తగ్గించకూడదు. కారు వైపర్ల రబ్బరు వెంట ఉండే సన్నటి ఉక్కు పట్టీని ముక్కలుగా కోసి, వంచి, అంచులు ఆకురాయితో సాపు చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్న రెంచ్‌ల కంటే అవి ఏమాత్రం తీసిపోవు.

కొక్కేలు ఎన్ని?

రెండు. ఒకటి పొట్టి కొక్కెం, ఒకటి కాస్త ఎత్తుగా లేచిన మధ్యరకం కొక్కెం. తాళం చెవి పళ్లు దాదాపు ఒకే ఎత్తులో ఉన్న తాళాలకు మొదటిది సరిపోతుంది. ముందు పిన్ను చాలా కిందికి దిగి ఉండి, దాని వెనకది బాగా పైకి లేవాల్సి వస్తే రెండోది కావాలి. ఈ రెండూ చేతికి అలవాటైతే మామూలు పిన్ టంబ్లర్ తాళాల్లో చాలావాటిని తీయవచ్చు.

మెలికల కడ్డీలను రేక్ అంటారు. మూడు గుండ్రటి గుట్టలున్న బొగోటా రేక్ వాటిలో పేరున్నది. లోపల పెట్టి గబగబా కదిలిస్తే పిన్నులన్నీ ఎగిరెగిరి పడి, అదృష్టం బాగుంటే చవక తాళం క్షణాల్లో తెరుచుకుంటుంది. ఒకటి దగ్గర ఉంచుకోవచ్చు, మొదటి రోజు ఉత్సాహం నిలవడానికి పనికొస్తుంది. కానీ రేక్‌తో యాభై తాళాలు తీసినా లోపల ఏం జరిగిందో తెలియదు. నేర్పేది కొక్కెమే. గుండ్రటి బొడిపెలున్నవి బల్ల సొరుగులకు, పోస్టు డబ్బాలకు ఉండే సన్నటి రేకుల తాళాల కోసం చేసినవి. మొదటి ఏడాది వాటి అవసరం రాదు.

మందం సంగతి చాలామంది చూడరు. అమెరికన్ తాళాల సందులు వెడల్పు కాబట్టి 0.025 అంగుళం, అంటే 0.6 మిల్లీమీటరు పైచిలుకు కొక్కేలు హాయిగా ఆడతాయి. యూరప్ తాళాల సందులు సన్నగా, వంకరటింకరగా ఉంటాయి. అక్కడ 0.015 అంగుళం, అంటే 0.4 మిల్లీమీటరు లోపు మందం ఉన్నదే దూరుతుంది. మందపు కొక్కెం గోడలకు రాసుకుంటూ ఉంటే పిన్ను చెప్పేది చేతికి చేరదు. మరీ సన్నది మొదటిరోజే కొంటే కొత్త చేతి మోటుతనానికి వంగిపోతుంది. కనుక ముందు మందపుది, తర్వాత సన్నది.

అమెరికాలో పీటర్సన్, సౌతార్డ్, కెనడాలో స్పారోస్, జర్మనీలో మల్టీపిక్ ఈ పనిముట్లకు పేరున్న కంపెనీలు. లాక్‌పికింగ్ లాయర్ పేరుతో యూట్యూబ్‌లో లక్షలాదిమంది చూసే వీడియోల మనిషికి సంబంధం ఉన్న కోవర్ట్ ఇన్‌స్ట్రుమెంట్స్ కూడా చిన్న సెట్లు అమ్ముతుంది. ఆ వీడియోల్లో తాళం రెండు నిమిషాల్లో తెరుచుకోవడం చూసి పరికరంలో మహిమ ఉందనుకుంటే పొరపాటు. ఆ రెండు నిమిషాల వెనక ఏళ్ల సాధన ఉంది.

ఏ కంపెనీదైనా కొత్త కొక్కెం రాగానే చేయాల్సిన పని ఒకటుంది. దాని అంచు మీద బొటనవేలి గోరు మెల్లగా నడిపితే గరుకు తగులుతుంది. రేకును కోసినప్పుడు మిగిలిన సన్నటి పొరక అది. తాళంలో ఆ పొరక ఇత్తడికి గీరుకుంటుంది, పిన్ను కదలిక ఆ గీరుడులో కలిసిపోతుంది. అందుకని ఉప్పు కాగితం 400 నంబరుతో మొదలుపెట్టి, 600, ఆపైన 1000 నంబరుతో కొక్కెం పొడుగూతా, వంపు లోపల కూడా రుద్దాలి. రెండు చుక్కల నూనె వేసి చివరిగా గుడ్డతో తుడిస్తే అంచులో వెలుగు కనిపిస్తుంది. అరగంట పని. ఈ అరగంట తర్వాత మామూలు కొక్కెం ఖరీదైన దానికి దగ్గరగా వస్తుంది.

తాళాల వేట

సెట్టుతో వచ్చే పారదర్శక తాళం ఒక సాయంత్రం ఉపయోగపడుతుంది. పిన్ను లేవడం, ప్లగ్ తిరగడం కళ్లారా చూడొచ్చు. ఆ తర్వాత దాన్ని పక్కన పెట్టేయడం మేలు. ప్లాస్టిక్ గుల్లలో పిన్నులు వదులుగా ఊగుతాయి, ఇత్తడిలో వచ్చే స్పర్శ రాదు. పైగా కన్ను పనిచేస్తున్నంతసేపూ వేలు నేర్చుకోదు.

అమెరికాలో ఈ సరదా మొదలుపెట్టే ప్రతివాడి చేతిలోనూ మాస్టర్ లాక్ నంబర్ 3 కనిపిస్తుంది. ఉక్కు పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన నాలుగు పిన్నుల తాళం కప్ప. మిల్వాకీలో 1921లో పుట్టిన కంపెనీది. లోపలి కొలతలు వదులు కాబట్టి త్వరగా లొంగుతుంది. తర్వాతి మెట్టు అదే కంపెనీ ఇత్తడి తాళం నంబర్ 140. ఇందులో పై పిన్నుల నడుము సన్నగా చెక్కి ఉంటుంది. సరిగ్గా లేపకముందే ప్లగ్ కాస్త తిరిగి, అయిపోయిందనిపిస్తుంది, అక్కడే ఆగిపోతుంది. అప్పుడు రెంచ్ మీద ఒత్తిడి తగ్గించి ప్లగ్‌ను వెనక్కి రానివ్వాలి. బలం పెట్టే చేతికి ఇది అస్సలు సాధ్యం కాదు. ఆ పైది రంగురంగుల అల్యూమినియం తాళం అమెరికన్ 1100. దీన్ని తెరిచాక మరమేకు విప్పి లోపలి పిన్నులు తీసేయొచ్చు. ఒక్క పిన్నుతో మొదలుపెట్టి, రెండు, మూడు అని పెంచుకుంటూ సాధన చేయడానికి ఇంతకంటే అనువైనది అరుదు.

తాళం కొనేటప్పుడు దాని తాళం చెవి కూడా ఉండేలా చూసుకోవాలి. చెవి పళ్లను ఒకసారి పరిశీలనగా చూస్తే లోపలి పిన్నుల ఎత్తులు తెలిసిపోతాయి. లోతైన గాటు పక్కనే ఎత్తైన పన్ను ఉంటే అది కష్టమైన తాళం. గాట్లన్నీ ఇంచుమించు ఒకే వరసలో ఉన్నదే మొదటి తాళం కావాలి.

మన ఇంటి తాళం ఎందుకు లొంగదు?

ఇక్కడే తెలుగు నేల మీద కొత్తవాళ్లకు పెద్ద దెబ్బ తగులుతుంది. సెట్టు రాగానే ఇంట్లో ఉన్న తాళం కప్ప తీసి కొక్కెం దూరుస్తారు. ‘టక్’ లేదు, బిర్రు లేదు, ఏమీ లేదు. ఎందుకంటే మన ఇళ్లకూ దుకాణాలకూ తరతరాలుగా వేస్తున్న తాళం కప్పల్లో చాలావాటిలో పిన్నులే ఉండవు, లీవర్లు ఉంటాయి. లాయరుగా మొదలుపెట్టి తాళాల తయారీలోకి వచ్చిన అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ 1954లో తెచ్చిన నవ్‌తాల్ లీవర్ తాళమే. అలీగఢ్ నుంచి దేశమంతా వచ్చే తాళాల్లోనూ, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన తమిళనాడు దిండిగల్ తాళాల్లోనూ లీవర్లదే పెద్ద వాటా.

లీవర్ తాళంలో పలుచటి పలకలు దొంతరగా ఉంటాయి. ఒక్కో పలకను సరిగ్గా ఇంత ఎత్తుకే లేపాలి, అప్పుడే గడియ మీది మేకు వాటి గాట్లలోంచి జారుతుంది. తక్కువైనా జారదు, ఎక్కువైనా జారదు. ఈ రెండోది 1778లో ఇంగ్లాండు వాడైన రాబర్ట్ బారన్ కనిపెట్టిన కిటుకు. దీన్ని తీయడానికి ఒకే కన్నంలోంచి గడియను తోసే కడ్డీ, పలకలు లేపే తీగ రెండూ దూరాలి. పిన్నుల సెట్టులో అలాంటివి ఉండవు. అందుకని కొనేముందు తాళం చెవిని చూడాలి. పొడుగునా రంపపు పళ్లుంటే పిన్నులది. నున్నటి కడ్డీకి కొస దగ్గర మాత్రమే పళ్లుంటే లీవర్లది. కొత్త అపార్టుమెంట్లలో వచ్చే, చదునైన రేకు మీద గుంటలు తొలిచిన తాళం చెవులది ఇంకో జాతి. దానికి పనిముట్లు వేరు.

బజారు మొగలో తాళం చెవుల గుత్తులు వేలాడదీసుకుని కూర్చునే మేస్త్రీ వేరే దారిలో వెళతాడు. కొక్కెం ముట్టుకోడు. పళ్లు లేని ఖాళీ తాళం చెవిని కన్నంలో పెట్టి బిగించి కదిలిస్తాడు, బయటికి తీసి వెలుతురుకి పట్టి సన్నటి గుర్తులు చూస్తాడు. ఆ గుర్తు ఉన్నచోట ఆకురాయితో రెండు గీతలు. మళ్లీ లోపలికి. కాసేపటికి కొత్త తాళం చెవే తయారవుతుంది. యూరప్‌లో లాక్‌స్పోర్ట్ సంఘాలు సరిగ్గా ఇదే విద్యకు పోటీలు పెట్టి, భూతద్దాలు, మంచి ఆకురాళ్లతో పోటీదారులను కూర్చోబెట్టి గడియారం చూస్తాయి. మన మేస్త్రీలు పొట్టకూటి కోసం రోజూ చేస్తున్న పని అది. దానికి దక్కాల్సిన గౌరవం మన దగ్గర ఇంకా దక్కలేదు.

హాబ్స్ చేసిన రచ్చ

పరికరం తాళాన్ని బట్టి ఉండాలన్న మాటకు చరిత్రలో పెద్ద సాక్షి ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్. అమెరికా నుంచి 1851లో లండన్ మహా ప్రదర్శనకు తన కంపెనీ తాళాలు అమ్మడానికి వచ్చాడు. వచ్చీరాగానే, ఎవరూ తీయలేరని పేరుపడ్డ చబ్ డిటెక్టర్ తాళాన్ని అరగంటలోపే తీసేశాడు. జెరమయా చబ్ 1818లో చేసిన లీవర్ తాళం అది. ఎవరైనా తప్పుగా లేపితే బిగుసుకుపోయి యజమానికి చాడీ చెబుతుంది.

తర్వాత బ్రామా తాళం. పికడిల్లీలోని ఆ కంపెనీ దుకాణం కిటికీలో 1790 నుంచీ ఉంది. తీసినవాళ్లకు 200 గినీలు ఇస్తామని పక్కన ప్రకటన. అరవై ఏళ్లు ఎవరివల్లా కాలేదు. లోపల 18 జారుడు పలకలు. హాబ్స్‌కు నెల గడువు ఇచ్చారు. ఆ ఒక్క తాళం కోసమే పనిముట్లు చేసుకుని, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు దాని ముందు కూర్చుని తీశాడు. అతను బిగించుకున్న పరికరం న్యాయం కాదని బ్రామా కంపెనీ అభ్యంతరం చెప్పింది. మధ్యవర్తులు హాబ్స్ వైపే తీర్పు ఇచ్చారు, డబ్బు చేతికొచ్చింది. ఇంగ్లాండు పత్రికలు గగ్గోలు పెట్టాయి. తాళాల లోపాలు బయటపెట్టడం దొంగలకు పాఠం చెప్పడమేనన్న విమర్శకు, ఆ లోపాలు దొంగలకు ఎప్పుడో తెలుసన్నది హాబ్స్ పక్షం జవాబు. ఆ వాదన సరైనదేనని తర్వాతి కాలం రుజువు చేసింది. 2004లో క్రిప్టొనైట్ కంపెనీ సైకిల్ తాళాలు కొన్ని మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని వీడియోలు బయటికి వచ్చాకే, ఆ కంపెనీ వాటిని తీసుకుని కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది.

హద్దులు

లాక్‌స్పోర్ట్ సంఘాలన్నిటిలో రెండు నియమాలు ఉంటాయి. సొంతం కాని తాళం మీద, యజమాని అనుమతి లేకుండా చేయి వేయకూడదు. సొంతదైనా వాడుకలో ఉన్న తాళాన్ని తీయడానికి ప్రయత్నించకూడదు. మొదటిది న్యాయం, రెండోది అనుభవం. లోపల స్ప్రింగు వంగినా, పిన్ను తిరగబడినా అర్ధరాత్రి గుమ్మం బయట నిలబడాల్సి వస్తుంది.

చట్టాలు దేశానికొక తీరు. జపాన్ 2003లో తెచ్చిన చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా ఇలాంటి పరికరాలు దగ్గర ఉంచుకోవడమే నేరం. ఇంగ్లాండులో ఇంట్లో ఉంచుకుంటే ఇబ్బంది లేదు గానీ, చోరీ ఉద్దేశంతో బయటికి తీసుకెళితే 1968 నాటి చోరీల చట్టం పట్టుకుంటుంది. మన దేశంలో, మహారాష్ట్రలో ఇప్పుడు మహారాష్ట్ర పోలీసు చట్టంగా అమల్లో ఉన్న 1951 నాటి బొంబాయి పోలీసు చట్టం, రాత్రివేళ తగిన కారణం చూపకుండా ఇల్లు పగలగొట్టే పనిముట్లతో దొరికినవాళ్లను శిక్షిస్తుంది. పనిముట్ల సంచి సాధన చేసే బల్ల మీదే ఉండడం అన్నిచోట్లా క్షేమం.

ఇక కొనే వరస. పొట్టి కొక్కెం, మధ్యరకం కొక్కెం, ఒక రేక్, వేర్వేరు మందాల్లో నాలుగైదు రెంచ్‌లు, ఉప్పు కాగితాలు. మిగిలిన డబ్బంతా తాళాలకు. నాలుగు పిన్నులవి రెండు, అయిదు పిన్నులవి మూడు, నడుము చెక్కిన పిన్నులున్నవి రెండు, మరమేకు విప్పి పిన్నులు మార్చుకోగలిగేది ఒకటి, పాత సామాన్ల అంగడిలో దొరికిన పేరు తెలియనివి రెండు. సన్నటి సందున్న యూరప్ తాళం చేతికొచ్చినరోజు 0.4 మిల్లీమీటరు కొక్కెం, గుంటల తాళం చెవి తాళం వచ్చినరోజు దానికి తగ్గ, కొసన చిన్న పలక ఉన్న కడ్డీ, అలీగఢ్ లీవర్ తాళం మీద మనసుపడితే వంచిన తీగలు. అప్పటికి చాలామంది కొనడం మానేసి, విరిగిన రంపపు బ్లేడును బిగించి ఆకురాయితో తమ కొక్కేలు తామే చేసుకుంటుంటారు.